ఖాళీ గది శబ్దం

మా ఎడారి ఊరు కూబర్ పీడీలో వేసవి మధ్యాహ్నం పూట పైన మనిషన్నవాడు కనిపించడు. అందరం నేల కిందే ఉంటాం. ఓపల్ అనే రంగురాళ్ల కోసం తవ్విన కొండలోనే గదులు తొలుచుకుని, గోడలు పొడి రాలకుండా జిగురు పూసుకుని, అక్కడే వంటా పడకా. పైన నిప్పులు చెరుగుతున్నా కింద కొత్త కుండలో నీళ్లలా చల్లగా ఉంటుంది. కిటికీలుండవు. దీపం ఆర్పితే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ ఆ చీకట్లో హాయిగా నిద్రపోయినదాన్ని నేను.

మా ముసలాడు ల్యూబో పోయాక మాత్రం ఇల్లు బావురుమంటోంది. రాతి ఇంట్లో నిశ్శబ్దం మామూలు ఇంట్లో నిశ్శబ్దంలా ఉండదు. పైన కుక్క మొరిగినా వినపడదు, వాన పడినా తెలియదు. చెంచా కింద పడితే ఆ చప్పుడే కాసేపు మనకి తోడు.

ల్యూబో ఓపల్ తవ్వేవాడు. ఒళ్లు సహకరించినన్నాళ్లూ తవ్వి, సహకరించడం మానేశాక తవ్వడం గురించి వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టడం మొదలెట్టాడు. ఏ రాతి పొరలో రంగు దొరుకుతుంది, ఏ రాయి మెరిసి మోసం చేస్తుంది, చెయ్యి తెగకుండా సానపట్టడం ఎలా, ఇవీ ఆయనగారి పాఠాలు. డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేర్ అంటే అతనికి ఒళ్లు మంట. "గని నాది, రాయి నాది, నా కంప్యూటర్‌కి మాత్రం ఎవడిదో తాళమేంటి?" అనేవాడు. ఎవరో పారేయబోతుంటే తెచ్చుకున్న పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నాడు. బొమ్మలు కత్తిరించి అతికించడానికి కేడెన్‌లైవ్, శబ్దం బాగుచేయడానికి ఆడాసిటీ. అన్నీ ఉచితమే. ముఖం తెలియని ఎవరెవరో రాసి, తీసుకోండని లోకం మీద వదిలేసినవి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఫోరంలో అడిగేవాడు. ఏ దేశంలోనో ఎవడో ఓపిగ్గా జవాబు రాసేవాడు.

"చూశావా యాద్రా, మనకి ఎంతమంది బంధువులున్నారో!" అని మురిసిపోయేవాడు.

"అంత బంధువులైతే ఒక్కడైనా భోజనానికి రాడేం?" అని దెప్పేదాన్ని.

దెప్పుతూనే నేర్చుకున్నాను. అతనికి చేతులు వణకడం మొదలయ్యాక కత్తిరింపులన్నీ నావే. పక్కన కూర్చుని తప్పులు పట్టడం అతని పని. ఆ పనికి మాత్రం ఓపిక ఎక్కడినుంచి వచ్చేదో.

ఒక్క విషయంలో ల్యూబో మరీ చాదస్తం. ఎప్పుడు రికార్డు చేసినా మాట మొదలుపెట్టకముందు కాసేపు ఊరికే కూర్చోవాలి. అరచెయ్యి పైకెత్తి కూర్చునేవాడు. ఆ చెయ్యి దిగేదాకా నేను తుమ్మకూడదు, కుర్చీ కదపకూడదు. ఖాళీ గదికి కూడా ఒక శబ్దం ఉంటుందట. ఫ్రిజ్ గురగుర, గాలి కోసం కొండ పైకి తొలిచిన గొట్టంలో ఊళ, ఇంకా చెవికి ఆననివి ఏవేవో. ఆ ముక్కని నమూనాగా ఆడాసిటీకి వినిపించి ఇది చెత్త అని చెబితే, మిగతా రికార్డింగంతా గాలించి అచ్చం అలాంటి శబ్దాన్నే తీసేస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు. నమూనాలో ఏముందో అదే పోతుంది. నమూనాలో లేనిది ఎంత చిన్నదైనా పోదు.

ఆ చివరి ఏడాది అతని ఊపిరితిత్తుల నిండా రాతిపొడే. ఆసుపత్రివాళ్లు ఇంటికి ఆక్సిజన్ మిషన్ ఇచ్చారు. సూట్‌కేసంత డబ్బా, దానికో పొడుగాటి సన్న గొట్టం, గొట్టం కొసన ముక్కులో పెట్టుకునే రెండు కొమ్ములు. ఫుస్స్... ఫుస్స్... అంటూ పగలూ రాత్రీ మా మధ్య మూడో మనిషిలా ఉండేది. ఆ చప్పుడు మధ్యే కూర్చుని తన ఆఖరి వీడియోకి మాట్లాడాడు ల్యూబో. తన మొదటి రాయి కథ. ఆ రాయి అమ్మకుండా నా వేలికి ఎందుకు పెట్టాడో ఆ కథ. నాకైనా అంతకుముందు సరిగ్గా చెప్పలేదు, కెమెరాకి చెప్పాడు. అది ఇంకా ఎక్కించలేదు నేను. చూసేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఎక్కించేస్తే అయిపోతుంది కదా, అందుకని వాయిదా వేస్తూ వచ్చాను.

ఆ మధ్యాహ్నం ఫోతినీ ఫోన్ చేసింది. మా గోడకి అవతలి ఇల్లు ఆమెది. గ్రీకు మనిషి, నాకంటే పెద్దది, మొగుడు పోయి చాలా కాలమైంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఏమే, సామాను సర్దావా?"

"సర్దేశానక్కా. ఈ ఒక్క వీడియో ఎక్కించి వచ్చేస్తా."

"ఆ ఒక్క వీడియో పాట చలికాలం నుంచీ వింటున్నా. ల్యూబో గొంతు పట్టుకుని ఆ గుహలో ఎన్నాళ్లు కూర్చుంటావే? మొగుళ్లు పోయినవాళ్లం ఇద్దరం, రెండు పొయ్యిలెందుకు మనకి?"

"నీ గురక ఎవరు పడతారు?"

"ఇన్నాళ్లూ గోడలోంచి వింటూనే ఉన్నావుగా. ఇకనుంచి దగ్గర్నించి విను, ఏం పోయింది? పాలకూర పెట్టి పొరల రొట్టె చేస్తున్నా. పొద్దుగూకేలోపు రాలేదనుకో, నేనే వచ్చి జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తా."

"దుమ్ము లేస్తుందంటున్నారు, నువ్వు బయటికి రాకు. నేనే వస్తా."

నిజంగానే వెళ్దామనుకున్నాను. రెండు పెట్టెలు మెట్ల దగ్గర పెట్టి ఉన్నాయి. ఆమె వంటింటి పక్క గదిలో నాకు మంచం కూడా వేసింది. ఇంకో మనిషి దగ్గే చప్పుడు, గిన్నెలు కడిగే చప్పుడు వింటూ నిద్రపోవాలని ఎంత ఆశగా ఉందో ఆమెకి చెప్పలేదంతే. చెబితే నెత్తికెక్కుతుంది.

లాప్‌టాప్ తెరిచాను. ల్యూబో రికార్డింగ్ పెట్టాను. మొదలే ఫుస్స్... ఫుస్స్... మధ్యలో అతని మాట. అంతటి చాదస్తపు మనిషీ ఆ రోజు అరచెయ్యి ఎత్తి కూర్చోలేదు. ఆగితే మళ్లీ మాట్లాడలేనని భయపడ్డాడేమో. ఎక్కడా ఖాళీ ముక్క లేదు. నమూనా లేనిదే మిషన్ చప్పుడు పోదు.

అయితే మిషన్ ఇంకా ఇంట్లోనే ఉంది. తిరిగిచ్చేయమని ఆసుపత్రివాళ్లు అడుగుతూనే ఉన్నారు, నేను రేపు మాపు అంటూనే ఉన్నాను. నమూనా ఇప్పుడు తీస్తే సరి. గది అదే, మైకు అదే, మిషన్ అదే. లేనిది మనిషొక్కడే. నమూనాకి కావలసిందీ అదే కదా. ఈ పని చేసేవాళ్లెవరైనా నాలాగే ఆలోచిస్తారు.

పైన కప్పిన దుప్పటి తీసి మిషన్ని అతని కుర్చీ పక్కన, అప్పటి చోటే పెట్టాను. గొట్టం కుర్చీ చేతి మీద పరిచాను. మైకు సరిచూసి, మిషన్ బొత్తాం నొక్కి, రికార్డు నొక్కి, ఎదురుగా నా స్టూలు మీద కూర్చున్నాను. నాకు తెలియకుండానే అరచెయ్యి పైకి లేచింది.

ఫుస్స్... ఫుస్స్...

ఆ చప్పుడు వినగానే ఒళ్లంతా వదులైపోయింది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఎన్నాళ్లకో ఇంట్లో మనిషి ఉన్నట్టనిపించింది. రబ్బరు వాసన, మిషన్ వేడెక్కితే వచ్చే ఆ కాలిన దుమ్ము వాసన, అన్నీ అప్పటిలాగే. కావలసినదానికంటే చాలాసేపు కూర్చున్నాను. రికార్డు ఆపాను గానీ మిషన్ ఆపడానికి చెయ్యి రాలేదు. నడవనీ, ఎవరికేం నష్టం అనుకున్నాను.

నమూనా ఇచ్చి పని చెప్పాను. నీలం గీత తెర మీద మెల్లగా పాకింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను.

మిషన్ చప్పుడు లేదు. ఆనవాలు కూడా లేదు. ల్యూబో గొంతు ఒక్కటే, చెవి పక్కన కూర్చుని చెబుతున్నట్టు. "అప్పటికి నాకు గొయ్యి తవ్వడం తప్ప ఏమీ రాదు. ఆ పిల్లకి మాత్రం నవ్వడం వచ్చు..." మాటకీ మాటకీ మధ్య అతను ఊపిరి తీసుకుంటుంటే చివర సన్నగా ఈల వేసినట్టుండే ఆ చప్పుడు కూడా ఉంది. ఏడాదిపాటు నన్ను నిద్రపోనివ్వని ఈల. అది పోనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

సగం కథ అయ్యాక అతనికి దాహం వేసింది. గొట్టం ముక్కులోంచి తీసిన చప్పుడు, గ్లాసు చప్పుడు. వెంటనే మిషన్ మొత్తుకోవడం మొదలెట్టింది. కీ... కీ... కీ... అది నమూనాలో లేని శబ్దం కాబట్టి పోలేదు.

"అరుస్తావెందుకే? పీల్చేవాడు చావలేదు, నీళ్లు తాగుతున్నాడు" అని తిట్టాడు ల్యూబో. గొట్టం మళ్లీ పెట్టుకోగానే అరుపు ఆగింది.

నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. ఆ నవ్వు సగంలో ఉండగా ఆగిపోయింది.

ఆ మిషన్ ఊరికే గాలి వదలదు. అవతలి కొసన ఎవరైనా పీలిస్తేనే, పీల్చినప్పుడల్లా ఒక గుక్క వదులుతుంది. పీల్చేవాళ్లు లేకపోతే కీచుమని అరుస్తుంది. మొదటి రోజే నర్సు ఒకటికి రెండుసార్లు చూపించింది. అతను స్నానానికి వెళ్లినప్పుడల్లా పరిగెత్తుకెళ్లి ఆపినదాన్ని నేనే. అతను పోయాక దుప్పటి కప్పేశాను కదా... మర్చిపోయాను.

హెడ్‌ఫోన్స్ మెల్లగా తీశాను.

ఫుస్స్...

కుర్చీ ఖాళీగా ఉంది. గొట్టం నేను పెట్టిన చోటే ఉంది, రెండు కొమ్ములూ పైకి తిరిగి.

ఫుస్స్...

గాలిగొట్టంలోంచి వచ్చే గాలి తగిలి మిషన్ పొరబడుతోందేమో అనుకున్నాను. పైన దుమ్ముగాలి మొదలైనట్టుంది, కొండ లోపల ఊళ వినిపిస్తోంది. లేచి, గొట్టం కొసని నా భుజాల మీది పాత శాలువాలో చుట్టేశాను. రెండు మడతలు వేశాను.

ఫుస్స్... శాలువా లోపల్నించి.

మడత విప్పి మళ్లీ కుర్చీ మీదే పెట్టేశాను. వేళ్లకి తగిలిన కొస వెచ్చగా ఉంది. కొంచెం తడిగా కూడా.

అప్పుడే కరెంటు పోయింది. దుమ్ముగాలి వస్తే మాకిది మామూలే. లాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతోంది. మిషన్‌కీ బ్యాటరీ ఉంది. దాని ఆకుపచ్చ చుక్క, నా తెర వెలుగు, తప్పితే అంతా చీకటి. కుర్చీ వీపు మాత్రం లీలగా కనిపిస్తోంది.

భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. కానీ అంతకంటే ముందు ఆశ పుట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది.

"నువ్వేనా?" అన్నాను. గుసగుసే వచ్చింది.

మిషన్ ఆగింది. ఫుస్స్ లేదు. కీ అని అరవడమూ లేదు. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు... చాలాసేపు.

ఫుస్స్...

"ల్యూబో... ఆ రాయి నా వేలికే ఉంది. అమ్మలేదు. చూడు..." అని చెయ్యి చీకట్లోకి చాపాను. పిచ్చిదానిలా. ఏదో ఒక గుర్తు కావాలి నాకు. దగ్గో, ఈలో, ఏదో ఒకటి. మిషన్ చప్పుడులో ఈల వినపడదు. కానీ నేను తీసిన నమూనాలో ఉంటుంది కదా. అప్పుడు మైకు కుర్చీ పక్కనే ఉంది.

ఆడాసిటీలో ఇంకో సదుపాయం ఉంది. శుభ్రం చేసింది కాకుండా, ఏరి పారేసిన చెత్తని మాత్రమే వినిపించమని అడగొచ్చు. మంచి ముక్కలేవైనా పొరపాటున పోయాయేమో చూసుకోవడానికి. ల్యూబో వారం వారం నాకు పెట్టిన పరీక్ష అది. నమూనాలో ఉన్నదీ, అతని రికార్డింగ్‌లో ఉన్నదీ, రెండిట్లో ఒకేలా ఉన్నది ఏదో అదే ఆ చెత్తలో ఉంటుంది. మిషన్ చప్పుడు ఉంటుంది. అతని ఊపిరి అక్కడ ఉంటే, ఇప్పుడు గదిలో ఉన్నది కూడా అతనే.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. చెవులు మూసుకుని ఆ చీకట్లో కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. వీపు గోడకి ఆనించాను.

మిషన్ గురగుర. ఫుస్స్. దాని వెనకాల... ఊపిరి.

ఒక్క క్షణం నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత సరిగ్గా విన్నాను. ఈల లేదు. ఆయాసం లేదు. పొడుగ్గా, మెత్తగా, తొందరేమీ లేని ఊపిరి. అలాంటి ఊపిరి ల్యూబోకి పెళ్లినాటికి కూడా లేదు.

శుభ్రం చేసిన ముక్క మళ్లీ పెట్టాను. ల్యూబో ఊపిరి అందులోనే ఉంది, ఈలతో సహా. ఇందాకే దానికి దణ్ణం పెట్టుకున్నాను కదా. అతని ఊపిరి పోలేదు. పోయింది ఇంకెవరిదో.

ఇవాళ గదిలో ఉన్నది, ఆ రోజు కూడా గదిలో ఉంది. అతను కెమెరాకి రాయి కథ చెబుతుంటే.

రెండు ముక్కల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి కలిపి విన్నాను. ఎందుకు విన్నానో నాకే తెలియదు, చెయ్యి దానంతటదే పనిచేసింది. ల్యూబో గాలి తీసుకోబోయిన ప్రతిసారీ ఆ రెండోది ముందు తీసుకుంటోంది. అది తీసుకున్నాకే అతనికి మిగిలింది అందుతోంది. మిగిలిన ఆ కాస్తదానికే ఆ ఈల. నీళ్లు తాగడానికి అతను గొట్టం తీసినప్పుడు కూడా అది ఆగలేదు. మిషన్ కీ కీ అని అరుస్తుంటే, పీల్చేవాళ్లెవరూ లేరని అరుస్తుంటే... అది పీలుస్తూనే ఉంది. అప్పుడు దానికి గొట్టంతో పని లేదు. పీల్చుకోవడానికి ల్యూబో ఉన్నాడు.

డాక్టర్లు రాతిపొడి అన్నారు. రాతిపొడే అయ్యుంటుంది. నేను చదువుకున్నదాన్ని కాదు.

లేచి, తడుముకుంటూ వెళ్లి మిషన్ బొత్తాం నొక్కాను. ఆకుపచ్చ చుక్క ఆరింది. పెట్టెలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఫోతినీ ఇంటికి పోవాలి. గోడ పట్టుకుని మెట్ల వైపు నడిచాను. మూడు నాలుగు మెట్లు ఎక్కానేమో...

గాలి లేదు.

నోరు తెరిచాను. ఛాతీ లేచింది. లోపలికి ఏమీ రావడం లేదు. నా నోటికి ఇంకో నోరు అడ్డం పెట్టి, ముందుగా తాగేస్తున్నట్టుంది. చెవుల్లో హోరు. చీకట్లో చీకటి మచ్చలు. మోకాళ్ల మీద పడి, పాక్కుంటూ, వెనక్కి... మిషన్ ఎక్కడుందో చేతికి దొరకలేదు... దొరికింది. బొత్తాం నొక్కాను.

ఫుస్స్...

గాలి వచ్చింది నాకు. నేల మీద పడి ఎంతసేపు పీల్చానో. నా గొంతులోంచి వస్తున్న చప్పుడు నాకే వినిపించింది. చివర సన్నటి ఈల.

అలాగే పడి ఉండగా మెట్ల పైనుంచి తలుపు బాదిన చప్పుడు.

"యాద్రా! ఏమే యాద్రా! కరెంటు పోయింది, చీకట్లో పడ్డావా ఏంటి?"

ఫోతినీ. రావద్దన్నా వచ్చింది. దుమ్ముగాలిలో, రొట్టె పళ్లెం పట్టుకుని వచ్చి ఉంటుంది. ఆ గొంతు వినగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క కేక వేస్తే చాలు, తలుపు విరగ్గొట్టుకుని వచ్చేస్తుంది.

కేక వేయబోయాను. అంతలో నా పక్కన...

ఫుస్స్. ఫుస్స్. ఫుస్స్. ఫుస్స్.

తొందర తొందరగా. అంత తొందరగా ఎప్పుడూ వినలేదు. ఆకలేసినవాడికి కూర వాసన తగిలినట్టు.

"పలకవేమే? తలుపు తియ్! రొట్టె చల్లారి..." ఫోతినీ మాట మధ్యలో ఆగిపోయింది. దగ్గింది. మళ్లీ దగ్గింది. "పాడు దుమ్ము... ఊపిరి... ఆడట్లేదు..."

ఎలా లేచానో తెలియదు. మెట్లెక్కి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. గడియ నా భుజానికి గుచ్చుకుంటోంది. అటువైపు ఆమె, ఇటువైపు నేను. మధ్య బెత్తెడు చెక్క.

"వెళ్లిపో అక్కా."

"ఏంటే?"

"నేను రాను. మీ ఇంటికి రాను. ఎప్పుడూ రాను."

"మతిపోయిందా? మంచం వేశాను, దుప్పటి ఉతికాను..."

"నీ మంచం నువ్వే కాల్చుకో! పొద్దస్తమానం నీ సోది వినలేక చస్తున్నా. మొగుణ్ణి మింగి కూర్చున్నావు, ఇప్పుడు నేను దొరికానా? పో ఇక్కణ్ణించి!"

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో. ఆమెకి ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను. వేరే ఏమన్నా ఆమె కదిలేది కాదు.

బయట గాలి హోరు. తర్వాత పళ్లెం నేల మీద పెట్టిన చప్పుడు.

"రొట్టె ఇక్కడ పెట్టా" అంది ఫోతినీ. ఆ గొంతు ఆమెది కానట్టుంది. "తిను. మళ్లీ రాన్లే."

ఆమె చెప్పులు కంకర మీద దూరమయ్యాయి. నడుస్తుంటే దగ్గు తగ్గింది. ఇంకాస్త దూరం పోయాక పూర్తిగా ఆగింది. అమ్మయ్య అనుకున్నాను. అరచేత్తో నోరు మూసుకుని, తలుపుకి ఆనుకుని ఏడ్చాను. ల్యూబో పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. ఇంక నాకెవరూ లేరు. ఎవరి ఇంటికీ వెళ్లకూడదు, ఎవర్నీ రానివ్వకూడదు. ఆ మిషన్ నడిచినంత కాలం నేనుంటాను.

కాసేపటికి గమనించాను, కింద ఫుస్స్ వినిపించడం లేదు.

ఆమె అడుగులు వినిపిస్తున్నంతసేపూ ఆగి ఉంది కాబోలు. ఇప్పుడు మళ్లీ మొదలైంది, మెల్లగా, తొందరేమీ లేకుండా. కానీ కింద నుంచి కాదు. గురగుర కిందే ఉంది. ఆ గుక్క చప్పుడు మాత్రం దగ్గరగా ఉంది... మెట్ల మీద.

జేబులో ఫోన్ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. తీసి లైటు వేశాను.

నేను కుర్చీ మీద పెట్టిన గొట్టం కుర్చీ దగ్గర లేదు. మిషన్ నుంచి మెట్ల దాకా, మెట్ల మీదుగా, ఇంక సాగలేనంత బిగుతుగా సాగి ఉంది. దాని కొస నేల మీద లేదు. నాకు ఒక్క మెట్టు కింద, గాలిలో, నిలబడ్డ పసిపిల్ల ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తున ఆగి ఉంది. రెండు కొమ్ముల మీదా తడి మెరుస్తోంది.

అవి నావైపు తిరిగి లేవు. నా నడుం పక్కనుంచి, తలుపు వైపు తిరిగి ఉన్నాయి.